ఇద్దరు సరితలు, ఒకటే ఇంటి నంబరు

ఇంటి నంబరు గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు కదలదు. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలుస్తుంది. కౌంటరు ముందు పదిహేను మంది నిలబడి ఉంటారు. ఎదురుగా ఉన్న మనిషిని "ఇంటి నంబరెంత?" అని అడిగితే, "మా ఇంటికి నంబరు లేదు మేడం" అంటాడు. ఆ గడి పక్కన ఎర్ర గుర్తు పోదు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతుంటారు. అప్పుడు వేళ్ళు వాటంతటవే ఏదో ఒక అంకె కొట్టేస్తాయి. నేనూ కొట్టాను. దాని పర్యవసానం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జఫర్‌గఢ్‌లో గుమాస్తాగా మొదలుపెట్టి, జనగామ, మరిపెడ తిరిగి, భూపాలపల్లిలో మేనేజరుగా రిటైరయ్యాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ సర్క్యులరు ఎప్పుడు వచ్చిందో మీకు అక్కర్లేదు. అవి ఆఫీసు ఫైళ్ళలో దొరుకుతాయి. దొరకనివి కొన్ని ఉన్నాయి.

యాకయ్యలు ఎంతమంది?

జఫర్‌గఢ్‌లో నా మొదటి మేనేజరు నర్సయ్య సార్. ఆయన మంచి బాస్ అని నేను చెప్పను. నోరు మంచిది కాదు, ఆడవాళ్ళు బ్యాంకు ఉద్యోగానికి పనికిరారని మా ముఖం మీదే అనేవాడు. కానీ ఆయన లెడ్జరు చూస్తే మాత్రం ఇప్పటికీ చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఖాతాదారు పేరు కింద ఎర్ర పెన్సిలుతో ఇట్లా రాసుకునేవాడు: "బొడ్రాయి దాటినంక ఎడమ సందు, రెండో ఇల్లు, కల్లు మానేసిన ఎల్లయ్య."

చేరిన కొత్తలో ఒక ఖాతా ఫారం మీద పేరు యాకయ్య, ఊరు జఫర్‌గఢ్ అని మాత్రమే రాసి ఆయన ముందు పెట్టాను. చదివి, నడిమికి చింపేశాడు.

"ఈ ఊర్ల యాకయ్యలు ఎంతమందో ఎరికేనా అమ్మా నీకు?"

"తెల్వదు సార్."

"పోయి లెక్కవెట్టి రా."

ఎండలో ఊరంతా తిరిగాను. ఏడుపు ఒక్కటే తక్కువ. మధ్యాహ్నం దాటాక తొమ్మిది మంది యాకయ్యల జాబితాతో వచ్చాను. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు.

"రేపు ఒక యాకయ్య లోను ఎగ్గొడ్తే, తొమ్మిది ఇండ్లకు నోటీసు పంపుతవా?" అన్నాడు. అంతే.

ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నాను. పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను కూడా. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఎర్ర పెన్సిలు రాతకు అందులో గడి లేదు.

జనగామ దర్జీ

ఇది చిన్న కథే, కానీ ముందు ఇది చెబితే తర్వాతది అర్థమవుతుంది.

అప్పు తీసుకున్న ప్రతి మనిషి ఎట్లా కడుతున్నాడో బ్యాంకులన్నీ క్రమం తప్పకుండా క్రెడిట్ సంస్థలకు పంపుతాయి. అక్కడ పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఫోను, చిరునామా పోల్చి ఇది ఫలానా మనిషి చరిత్ర అని యంత్రం తేలుస్తుంది. ఇంకో బ్యాంకువాడు ఆ మనిషికి అప్పు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసే నిర్ణయిస్తాడు. మనిషి ముఖం చూసి కాదు.

జనగామలో సత్తయ్య అనే దర్జీ ఉండేవాడు. కుట్టు మిషన్లకు మూడు సార్లు అప్పు తీసుకుని, మూడు సార్లూ ఒక్క కిస్తు తప్పకుండా కట్టాడు. ఇల్లు కట్టుకుందామని లోనుకు వస్తే రిపోర్టులో ఏమీ లేదు. ఎన్నడూ అప్పు ముఖం చూడని మనిషన్నట్టు తెల్లకాగితం. వెతికితే తేలిందేమిటంటే, మొదటి లోనులో ఇంటి నంబరు గీతలు పెట్టి రాశారు. రెండో లోనులో ఎవరో గీతలు తీసేసి అంకెలన్నీ కలిపేశారు. మూడో లోనుకు మున్సిపాలిటీ కొత్త నంబరిచ్చింది. పేరులో కూడా ఒకచోట సత్తయ్య, ఒకచోట సత్యయ్య. యంత్రం లెక్కలో ముగ్గురు మనుషులు.

"మూడు సార్లు తీసుకున్న, మూడు సార్లు గట్టిన. మరి ఎవలు గట్టినట్టు మేడం?" అని అడిగాడు సత్తయ్య. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని.

అది సరిచేయించేసరికి దాదాపు ఏడాది పట్టింది. అంతవరకు ఆగలేక ఆయన బయట వడ్డీకి తెచ్చుకుని గోడలు లేపాడు. ఒక మనిషి మూడు ముక్కలైతే జరిగే నష్టం ఇది. ఇద్దరు మనుషులు ఒక్కటైతే ఏం జరుగుతుందో నాకు అప్పటికి తెలియదు.

మూడు పేజీల జాబితా

నేను మరిపెడ శాఖలో ఆఫీసరుగా ఉన్నప్పుడు జిల్లాలు విడిపోయాయి. నిన్నటిదాకా వరంగల్ జిల్లా అని రాసినవాళ్ళు పొద్దున లేచేసరికి మహబూబాబాద్ జిల్లావాళ్ళయ్యారు. ఆ తర్వాత తండాలు వేరే పంచాయతీలయ్యాయి. ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు, చిరునామా మాత్రం రెండు మూడు సార్లు మారింది. కొన్ని ఖాతాల్లో పాతది, కొన్నింట్లో కొత్తది, ఆధార్‌లో ఇంకొకటి.

మా శాఖ కిందికి వచ్చే గుట్టకింది తండాలో అప్పటికి చాలా ఇళ్ళకు నంబర్లే లేవు. లంబాడా కుటుంబాలు, సగం మంది గుగులోతు ఇంటిపేరువాళ్ళే. ఆ ఎర్ర గుర్తు పోవాలంటే ఏదో ఒక నంబరుండాలి. నేను తండా మొత్తానికి 1-1 అని కొట్టి, పక్కన ఉన్న పెద్దూరి పేరు రాసేదాన్ని. నేను ఒక్కదాన్నే చేస్తే ఒక ఎత్తు. నా కింది గుమాస్తాలకు కూడా "తండా అయితే 1-1 కొట్టేయండి" అని చెప్పాను.

ఒక శనివారం పై ఆఫీసు నుంచి జాబితా వచ్చింది. ఒకే మనిషికి రెండు కస్టమర్ నంబర్లుంటే కలిపి ఒకటి చేయాలి, మూడు నెలల గడువు ఆ రోజుతో ముగుస్తుంది. మూడు పేజీలు. అనుమానం ఉన్న జంటలను కంప్యూటరే చూపిస్తుంది, ఆఫీసరు చూసి 'అవును' అనో 'కాదు' అనో నొక్కాలి. నేనప్పుడు తొర్రూరులో ఉండేదాన్ని. ఐదింటి బస్సు దాటితే ఇంకో గంటన్నర దాకా బస్సు లేదు.

అందులో ఒక జంట: గుగులోతు సరిత, కేరాఫ్ రాములు, 1-1. కింద మళ్ళీ గుగులోతు సరిత, కేరాఫ్ రాములు, 1-1. పుట్టిన తేదీలు మాత్రం కలవలేదు. ఒకదాంట్లో జనవరి ఒకటి అని ఉంది. వయసు సరిగ్గా తెలియనివాళ్ళందరికీ జనవరి ఒకటే వేసేవాళ్ళం కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. రెండో తేదీ అసలుదై ఉంటుందనుకుని 'అవును' నొక్కాను. పది సెకన్లు కూడా పట్టలేదు. బస్సు అందింది.

తండ్రీ కూతురూ

ఏడెనిమిదేళ్ళ తర్వాత భూపాలపల్లిలో మేనేజరుగా ఉన్నాను. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఒక రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు గడప దగ్గర చెప్పులు విడిచి ఒక అమ్మాయి, వెనకే ఆమె తండ్రి లోపలికొచ్చారు. మరిపెడలో తొలి బస్సెక్కి, హనుమకొండలో మారి, పరకాల మీదుగా వచ్చారు.

"నా పేరు గుగులోతు సరిత, మేడం. మాది గుట్టకింది తండా. మరిపెడ బ్యాంకుల అడిగితే, గీ లోను ఇచ్చిన మేడం భూపాలపల్లిల ఉన్నరు, పోయి అడుగున్రి అన్నరు."

ఆమె చేతిలో క్రెడిట్ రిపోర్టు ఉంది. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివి, రెండేళ్ళు కోచింగు తీసుకుని, ఒక బ్యాంకులో క్లర్కు ఉద్యోగానికి ఎంపికైంది. బ్యాంకు ఉద్యోగంలో చేరేవాళ్ళ పేరు మీద మొండిబాకీ ఉండకూడదు. ఈమె పేరు మీద ఉంది. బర్రె కోసం తీసుకున్న లోను, కట్టలేదు, రానిబాకీ కింద రాసేశారు.

"నేను లోను తీస్కోలే మేడం. గా లోను ఇచ్చిన ఏడు నేను తొమ్మిదో తరగతి. నాకు బర్రెక్కడిది?"

"జాయినింగు ఎప్పుడమ్మా?"

"పదకొండు రోజులున్నయి. అప్పటికి ఇది నాది కాదని కాయితం ఇయ్యాలె. లేకుంటే వెనకున్నోళ్ళను పిలుస్తమన్నరు."

ఆమె కస్టమర్ నంబరు తెరిచాను. మార్పుల చరిత్రలో రెండు నంబర్లు కలిపిన తేదీ ఉంది, కలిపినవారి సిబ్బంది నంబరు ఉంది. ఆ నంబరు నాది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నేను చేసిన మొదటి పని, వాళ్ళకు కనిపించకుండా తెరను నావైపు కొంచెం తిప్పుకోవడం.

"ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది. కనుక్కుంటాను" అన్నాను.

తండ్రి రాములు కుర్చీ చూపినా కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. "తప్పెవలదో మాకొద్దు మేడం. మేం కొట్లాడ రాలే. పిల్లది కాదని ఒక్క కాయితం రాసియ్యిన్రి, పోతం" అన్నాడు.

ఆ మాటకంటే నన్ను తిట్టినా బాగుండేది. సాయంత్రం బస్సు దాకా ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. టీ తెప్పించాను. అమ్మాయి తాగలేదు. కాసేపటికోసారి ఫోనులో తేదీ చూసుకుంటోంది, తేదీ మారిపోతుందేమో అన్నట్టు. నేను లోపల వేరే ఖాతాల మీద సంతకాలు పెడుతూ ఒకటే లెక్క వేసుకుంటున్నాను: పదకొండు రోజులు ఆమెకు, నాలుగు నెలలు నాకు.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన టీచరుగా రిటైరయ్యాడు, మెమోల సంగతి తెలిసినవాడు.

"సుజాతా, నీ అంతట నువ్వు రాసిచ్చినవనుకో, ఛార్జిషీటిస్తరు. గ్రాచ్యుటీ ఆపుతరు. నాలుగు నెలలు గమ్మునుండరాదా? వాళ్ళే తిరిగి తిరిగి చేయించుకుంటరు."

"పదకొండు రోజుల్ల చేయించుకోలేరు."

 

తిరిగొచ్చిన కవరు

మర్నాడు సెలవు పెట్టి మరిపెడ వెళ్ళాను. అక్కడి మేనేజరు మంచివాడు, రికార్డు గది తాళం ఇచ్చాడు. పాత ఖాతా ఫారాలు రెండూ దొరికాయి. ఒక ఫారం మీద స్కాలర్‌షిప్పు కోసం వచ్చిన రెండు జడల పిల్ల ఫొటో, కింద గుండ్రటి అక్షరాల సంతకం, తండ్రి పేరు రాములు. ఇంకోదాని మీద ముప్పై దాటిన మనిషి ఫొటో, కింద వేలిముద్ర, భర్త పేరు రాములు. కూతురు, భార్య అన్న తేడా కాగితం మీద స్పష్టంగా ఉంది. కంప్యూటరులో రెండింటికీ కేరాఫ్ అనే కొట్టాం. తండాలో గుగులోతు రాములులు ఇద్దరున్నారని ఒక్కసారి అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు.

బర్రె లోను పెద్ద సరితది. నేనే మంజూరు చేశాను. నంబర్లు కలిపేటప్పుడు ఆ లోను చిన్న సరిత నంబరు కిందికి వెళ్ళిపోయింది. తర్వాత ఆ పిల్ల పాన్ కార్డు తెచ్చి ఖాతాకు జతచేసుకునేసరికి, బాకీ ఆ పాన్‌కు అతుక్కుపోయింది.

లోను ఫైలు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. బర్రె రెండో ఏడే చచ్చిపోయింది. దానికి బీమా ఉంది. పశువుల డాక్టరు రాసిన కాగితం, బర్రె చెవికి వేసిన బీమా బిళ్ళ, రెండూ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. అంటే ఆమె తేవలసినవన్నీ తెచ్చి ఇచ్చింది. బీమావాళ్ళు ఇంకో ఫొటో కావాలని ఆమెకు ఉత్తరం రాశారు. దాని నకలు బ్యాంకుకు కూడా పంపారు. ఆమెకు రాసిన ఉత్తరం 1-1, పెద్దూరు, వరంగల్ జిల్లా అన్న చిరునామాకు వెళ్ళి, "చిరునామా చాలదు" అన్న ముద్రతో తిరిగొచ్చింది. ఆ కవరును బీమావాళ్ళు మా శాఖకు పంపి, గడువు దాటిందని క్లెయిము మూసేశారు.

తిరిగొచ్చిన కవరు మీద, టపా అందినట్టు పెట్టే పొట్టి సంతకం నాదే. రోజుకు ముప్పై నలభై కవర్ల మీద పెట్టేదాన్ని. దాన్ని విప్పి చదివినట్టు నాకు జ్ఞాపకం లేదు.

రెండు ఫారాలూ, ఆ కవరూ పక్కపక్కన పెట్టుకున్నాను. చిన్న సరితకు ఉద్యోగం పోయేలా ఉంది. పెద్ద సరిత చేయని తప్పుకు బాకీదారు అయింది. రెండింటికీ మూలం ఒకటే అంకె.

మిర్చి కల్లం

నంబర్లు విడదీయాలంటే పెద్ద సరిత వేలిముద్ర కావాలి, ఆ లోను తనదేనని. మరిపెడలో ఆటో మాట్లాడుకుని తండాకు వెళ్ళాను. చిన్న సరితకూ తండ్రికీ ముందే ఫోను చేశాను, వాళ్ళు ఎదురొచ్చారు.

పెద్ద సరిత కల్లంలో మిర్చి తిరగేస్తోంది. ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. ఆమె నీళ్ళిచ్చి, గోనెసంచి పరిచి కూర్చోమంది. బర్రె చచ్చాక మొగుడూ పెళ్ళామూ మూడేళ్ళు హైదరాబాద్‌లో భవనాల పనికి పోయారు. బాకీ నోటీసులు వచ్చినా అందుకునే మనిషి లేదు. వచ్చింది కూడా లేదు, అవీ 1-1 కే వెళ్ళాయి.

నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పడం మొదలుపెట్టాను.  బీమా సంగతి వచ్చేసరికి ఆమె చేతిలో పని ఆపింది.

"చెవి బిళ్ళ ఇచ్చిన గద మేడం. డాక్టరు కాయితం గూడ ఇచ్చిన. ఇన్సూరెన్సుల తీరిపోయిందనుకున్నం."

"ఇచ్చినవ్. అన్నీ ఉన్నయి. ఇంకో ఫొటో కావాల్నని వాళ్ళు రాసిన ఉత్తరం మీ ఇంటికి రాలే. అడ్రసు తప్పు పడ్డది."

"ఎవలు తప్పు రాసిన్రు?"

"నేనే."

పక్కనే మిర్చి ఏరుతున్న ఆమె భర్త రాములు లేచి వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అన్నాడు. నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. చిన్న సరిత నా ముఖంలోకి చూసింది.

"మేం భూపాలపల్లికి వచ్చిన రోజే మీకు ఎరికైందా మేడం?"

"అయింది."

"మరి చెప్పలేదు."

"భయమైంది బిడ్డా."

ఆ అమ్మాయి తల తిప్పుకుంది. అంతకంటే పెద్ద శిక్ష నా సర్వీసులో ఎవరూ వేయలేదు.

మిగిలింది కూడా చెప్పాలి, చెప్పాను. "నువ్వు వేలిముద్ర పెడితే ఆ బాకీ నీ పేరు మీదికి వస్తది సరితక్కా. మీ మహిళా సంఘం లోను గూడ ఆగొచ్చు. బీమా సంగతి నేను రాస్త, పోట్లాడుత. కానీ తిరిగి వస్తదని మాటియ్యలేను. పెట్టనంటే నిన్ను ఎవరూ బలవంతం చెయ్యరు."

మొగుడు వద్దనే అన్నాడు. సంఘంలో పది మంది ఉన్నారు, ఒక్కదాని పేరు చెడితే అందరూ ఆగిపోతారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. చిన్న సరిత తండ్రి దూరంగా కల్లం అంచున కూర్చుని మట్టిలో పుల్లతో గీతలు గీస్తున్నాడు. పెట్టమని అడిగే ముఖం లేదు, లేచి వెళ్ళిపోయే ధైర్యమూ లేదు.  ఈమె కాదంటే ఆ పిల్లకు దారి లేదు. అవునంటే ఈమెను నేను రెండోసారి ముంచినట్టు.

పెద్ద సరిత చాలాసేపు మిర్చి తిరగేసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చింది.

"బర్రె నాది. సచ్చింది నా బర్రె. పిల్ల నెత్తిన ఎందుకు పెట్టిన్రు మీరు?" అంది. కాగితం కోసం చెయ్యి చాపుతూ, 'మీరు' వదిలేసి అంది: "ఊకెనే పెడ్తలే నేను. పిల్లది సక్కగ చేసి పోవుడు కాదు. నాది గూడ నువ్వే సక్కగ చెయ్యాలె. రిటైరైనంక గూడ."

"చేస్త" అన్నాను.

ఉత్తరం

రీజినల్ ఆఫీసులో ఈ వ్యవహారాలు చూసే ప్రభాకర్ గారు నాకు పాత పరిచయం. నా మేలు కోరే చెప్పాడు.

"మేడం, 'సాంకేతిక లోపం వల్ల' అని రాయండి. మీ పేరు ఎందుకు ఇరికించుకుంటరు?"

"అట్ల రాస్తే ఏమైతది సార్?"

"కంప్యూటరు విభాగానికి పోతది. వాళ్ళు ఎంక్వయిరీ చేస్తరు."

"ఎన్ని రోజులు?"

ఆయన నవ్వాడు. "నెలన్నా పట్టదా?"

అదే చిక్కు. యంత్రం తప్పంటే యంత్రం తేల్చాలి. ఫలానా ఆఫీసరు పొరపాటంటే, ఆధారాలు చూసి శాఖ మేనేజరే ఆ రోజే ధ్రువపత్రం ఇవ్వొచ్చు. నా పేరు, సిబ్బంది నంబరు, కలిపిన తేదీ, పుట్టిన తేదీల తేడా చూసి కూడా నేను పట్టించుకోలేదన్న మాట, తిరిగొచ్చిన కవరు సంగతి, అన్నీ రాశాను. సంతకం పెట్టాక కాగితం ప్రభాకర్ గారి బల్ల మీద పెట్టి, వెంటనే మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.  రెండోసారి పెట్టినప్పుడు ఇక తీసుకోలేదు.

మరిపెడ మేనేజరు ధ్రువపత్రం ఇచ్చేసరికి గడువు ఇంకా మూడు రోజులుంది. రిపోర్టులో దిద్దుబాటుకు ఇంకో నెల పడుతుందని క్రెడిట్ సంస్థ రాసింది. ఉద్యోగం ఇచ్చే బ్యాంకు ఈ కాగితాన్ని ఒప్పుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ మూడు రోజులు ఫోను మోగితే తీయడానికి భయం, మోగకపోతే ఇంకా భయం. ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి చిన్న సరిత తండ్రి ఫోను చేశాడు.

"తీసుకున్నరు మేడం. దిద్దినంక ఇంకో కాయితం తెమ్మన్నరంట. సంతకం వెట్టి లోపలికి పోయింది పిల్ల."

అమ్మాయి మాట్లాడుతుందేమోనని ఆగాను. ఆమె ఫోను తీసుకోలేదు. తర్వాత కూడా ఎన్నడూ చేయలేదు. అది ఆమె ఇష్టం.

పెద్ద సరిత సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. బీమావాళ్ళు గడువు దాటిందనే పట్టుబట్టారు. నాలుగైదు సార్లు రాశాక బ్యాంకు వడ్డీ మాఫీ చేసింది, అసలు ఆమే రెండు పంటల మీద కట్టింది. నేను కడతానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు, ఆమె కూడా ఒప్పుకోలేదు. బాకీ తీరినా, సర్దుబాటు చేసుకుని మూసిన లోను అన్న మచ్చ ఆమె రిపోర్టులో ఇంకా కొన్నేళ్ళు ఉంటుంది. సంఘం లోను ఒక పంటకాలం ఆగింది. ఆ పది మంది ఆడవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఆమెతో మాట్లాడరట.

నాకు మెమో వచ్చింది. రిటైరైన రోజు దండలు వేశారు, గ్రాచ్యుటీ మాత్రం కొన్ని నెలలు ఆపారు. చివరికి మందలింపుతో వదిలేశారు. నేను భయపడ్డంత ఏమీ జరగలేదు. నేను భయపడ్డ ఆ కొద్ది రోజుల్లో ఒక పిల్ల జీవితం తారుమారయ్యేది.

కొత్తగా చేరినవాళ్ళతో

మీరు నాకంటే తెలివైనవాళ్ళు, మీ యంత్రాలు మా యంత్రాలకంటే మంచివి. అయినా చెబుతున్నాను. ఇంటి నంబరు లేకపోతే లేదని రాసే దారి వెతకండి, పై ఆఫీసును విసిగించండి, కానీ అంకె పుట్టించకండి. తండా పేరు తండా పేరుగానే రాయండి. కూతురో, భార్యో అడగండి. తిరిగొచ్చిన ప్రతి కవరూ విప్పండి. కలపమని జాబితా వస్తే, గడువు దాటితే దాటనీయండి. మెమో ఒక కాగితం. అది అందుకుంటే మనిషి చావడు.

రిటైరయ్యేముందు ఆ శనివారం జాబితా మూడు పేజీలూ మళ్ళీ తనిఖీ చేయించమని రాసిచ్చాను. "ఎవరైనా వచ్చి అడిగితే చూద్దాం" అని జవాబొచ్చింది. ఆ కాగితాలు ఇప్పుడు నా దగ్గర లేవు, ఉండకూడదు కూడా. పేర్లు కొన్ని గుర్తున్నాయి, చాలా గుర్తులేవు. నేను ఎన్ని సార్లు 'అవును' నొక్కానో నాకు తెలియదు.

మొన్న చుట్టాల ఇంటికి వెళ్ళి వస్తూ మరిపెడ బస్టాండులో నిలబడ్డాను. ఒకాయన దగ్గరికొచ్చి నమస్తే పెట్టాడు. తండా మనిషే, ముఖం గుర్తుంది, పేరు గుర్తు రాలేదు.

"మంచిగున్నరా మేడం?"

బాగున్నానని చెప్పాల్సింది పోయి, "నీకు యాడన్న లోను ఇయ్యమన్నరా ఈ మధ్య?" అని అడిగాను.

ఆయన విచిత్రంగా చూసి నవ్వాడు. "నేను అడగనే లేదు మేడం. అడిగితే ఎందుకియ్యరు?"

ఒకసారి రిపోర్టు తీసి చూసుకోమని చెప్పాను. ఏడాదికోసారి ఉట్టిగానే ఇస్తారని, ఎట్లా తీయాలో కూడా చెప్పాను. సరే సరే అన్నాడు, వినలేదని తెలుస్తూనే ఉంది. తొర్రూరు బస్సొస్తే కిటికీ పక్కన సీటు చూసి నన్ను ఎక్కించాడు. బస్సు కదిలాక చేయి ఊపాడు. అతని పేరేమిటో నాకు అప్పటికీ గుర్తు రాలేదు.